టూర్ కాస్టింగ్ షీట్‌లో ఊరు ఏ లైన్‌లో ఉంది?

అడ్మిషన్ల సీజన్‌లో ఇంటర్ పూర్తయిన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "టికెట్లు, హోటళ్లు అన్నీ ఫోన్‌లోనే బుక్ అయిపోతున్నాయి కదమ్మా, టూరిజానికి మూడేళ్ల చదువెందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఫీజు కట్టేది వాళ్లు. నేను ఈ సబ్జెక్టులోనే పీజీ చేశాను, కొన్నేళ్లు హైదరాబాద్‌లో టూర్ ఆపరేషన్స్‌లో పనిచేశాను, ఇప్పుడు ఇవే పాఠాలు చెబుతున్నాను. వాళ్లకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబుని ఒకసారి కూర్చుని వివరంగా రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈ చదువు మీద నాకు చాలా గౌరవం ఉంది. దాన్ని నడిపిస్తున్న తీరు మీద అంతే కోపం ఉంది.

ముందు చదువు సంగతి. 1983లో ఏర్పడి, గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా నడుస్తూ, నెల్లూరులో కూడా క్యాంపస్ ఉన్న కేంద్ర ప్రభుత్వ టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎం తీసుకోండి, గచ్చిబౌలిలోని టూరిజం, హోటల్ చదువుల సంస్థ నిథమ్ తీసుకోండి, ఇగ్నో దూరవిద్య తీసుకోండి, మామూలు యూనివర్సిటీలో ఎంబీఏ టూరిజం తీసుకోండి, చట్రం పెద్దగా మారదు. పర్యాటక సూత్రాలు, పర్యాటక భూగోళం, చరిత్ర, కట్టడాలు, ట్రావెల్ ఏజెన్సీ నిర్వహణ, టికెటింగ్, హోటల్ ఫ్రంట్ ఆఫీస్, అకౌంట్స్, మార్కెటింగ్, చట్టాలు, ఒక విదేశీ భాష, ఒక స్టడీ టూర్, ఇంటర్న్‌షిప్, చివర్లో ప్రాజెక్టు రిపోర్టు.

వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ చదువుతుంటే తేలిక కాదు. భూగోళం పేపర్‌లో ప్రపంచాన్ని విమానయాన సంస్థలు మూడు ప్రాంతాలుగా ఎలా విడగొట్టాయో, హైదరాబాద్‌కి హెచ్‌వైడీ, విశాఖకి వీటీజెడ్, తిరుపతికి టీఐఆర్ అనే కోడ్లు ఎలా వాడతారో నేర్పుతారు. అంతర్జాతీయ దినరేఖ దాటే ప్రయాణానికి అసలు ఎన్ని గంటలు పడుతుందో లెక్కకట్టమంటారు. ఆ లెక్కలో గట్టి పిల్లలు కూడా తడబడతారు. అమెడియస్, గెలీలియో లాంటి రిజర్వేషన్ వ్యవస్థల్లో నల్ల తెర మీద ఆదేశాలు టైప్ చేసి సీటు వెతకడం నేర్పుతారు. చట్టాల పేపర్‌లో 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వస్తుంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం ఎందుకు నిషేధమో, ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి ఎందుకు కావాలో 2010 సవరణతో కలిపి చదువుతారు. ఇది తెలిశాక పిల్లలకి తమ ఊళ్లోని పాత గుడి పక్కన లేచిన షాపింగ్ కాంప్లెక్స్ వేరేలా కనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకిష్టమైనది ఐటినరరీ, కాస్టింగ్, అంటే ప్రయాణ ప్రణాళిక, దాని ఖర్చుల లెక్క. ఒక గ్రూపుని ఇచ్చి, మూడు రోజుల ప్రయాణం తయారు చేసి తలకి ఎంత పడుతుందో చెప్పమంటాం. బండికి రోజుకి కనీస కిలోమీటర్లు, టోల్, పర్మిట్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, గది ట్విన్ షేరింగ్‌లో అయితే ఎంత, పిల్లలకి ఎక్స్‌ట్రా బెడ్ ఎంత, గైడ్, ఎంట్రన్స్ టికెట్లు, భోజనాలు. పదిహేను మందికి ఒకరు ఉచితమైతే ఆ భారం మిగతావాళ్ల మీద ఎలా పంచాలి? మొత్తం మీద మార్కప్, అంటే మన లాభం, ఎంత వేయాలి? ఎక్కడో ఒక టోల్ మర్చిపోతే లాభం పోతుంది. ఏ గదిలో ఎవరో చెప్పే రూమింగ్ లిస్ట్‌లో ఒక పేరు అటూ ఇటూ అయితే రాత్రి పదకొండింటికి హోటల్ లాబీలో గొడవ. ఈ పని చేసినవాళ్లకే దాని టెన్షన్ తెలుసు. ఒక మనిషిని ఇంటి గుమ్మం నుంచి తీసుకెళ్లి క్షేమంగా వెనక్కి తేవడం వెనక ఎంత ఆలోచన ఉంటుందో ఆ ఒక్క షీట్ చూపిస్తుంది. తల్లిదండ్రులకి నేను చెప్పే జవాబులో మొదటి సగం ఇదే.

రెండో సగం దగ్గరే నా పేచీ. ఈ చదువులో అతి విలువైన ఆలోచనలు కొన్ని ఉన్నాయి. వాటిని మనం సూత్రాల పేపర్ చివరి యూనిట్‌లో, పరీక్షకి పది రోజుల ముందు, నోట్స్ చెప్పి రాయించి వదిలేస్తున్నాం.

ఉదాహరణకి భూగోళ శాస్త్రవేత్త రిచర్డ్ బట్లర్ 1980లో ప్రతిపాదించిన పర్యాటక స్థలాల జీవనచక్రం. ఏ పర్యాటక స్థలమైనా ముందు కొద్దిమంది కనిపెడతారు, తర్వాత స్థానికులు చిన్న చిన్న ఏర్పాట్లు చేస్తారు, ఆ తర్వాత బయటి పెట్టుబడి వస్తుంది, జనం పెరిగి నిలకడకి వస్తుంది, ఒక దశలో స్తంభించిపోతుంది, అక్కణ్ణుంచి పడిపోవడమో కొత్తగా లేవడమో. విద్యార్థులు ఈ గీతని చక్కగా గీసి ఆరు దశల పేర్లూ రాసి మార్కులు తెచ్చుకుంటారు. అదే గీత మీద లంబసింగి ఎక్కడుందని అడిగితే తరగతి అంతా మౌనం. చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి "ఆంధ్రా కశ్మీర్" అని పేరు పెట్టి, డిసెంబరు వస్తే చాలు కార్లు బారులు తీరుస్తున్నాం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడడానికి తెల్లవారుజామున వేలమంది ఎక్కుతున్నారు. టెంట్లు, క్యాంప్‌ఫైర్లు, డీజేలు, గడ్డిలో ప్లాస్టిక్ సీసాలు. ఇవి బట్లర్ చెప్పిన ఏ దశ లక్షణాలు? ఆ ఊళ్లు తర్వాతి దశకి పోకుండా ఆపాలంటే ఎవరు ఏం చేయాలి? మా చదువు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. మన ప్రశ్నపత్రంలో ఎప్పుడూ కనిపించదు.

పరిశోధకుడు డాక్సీ 1975లో చెప్పిన చిరాకు సూచీ కూడా అంతే. మొదట వచ్చినవాళ్లని చూసి ఊరు మురిసిపోతుంది, తర్వాత మామూలుగా తీసుకుంటుంది, తర్వాత విసుక్కుంటుంది, చివరికి వ్యతిరేకిస్తుంది. పాఠంలో ఇది నాలుగు లైన్లు. తమ ఇంటి ముందు అపరిచితులు కారు ఆపి, అడక్కుండా ఫొటోలు తీసి, నీళ్లు అడిగి, చెత్త పడేసి పోతుంటే ఆ ఇల్లాలు సూచీలో ఏ మెట్టు మీద ఉందో ఎవరూ వెళ్లి అడగరు.

ఒకసారి కాస్టింగ్ క్లాసులో జరిగిన సంగతి చెప్పాలి. అరకు మూడు రోజుల ప్యాకేజీ లెక్క బోర్డు మీద వేశాం. విశాఖ నుంచి రైలు, అక్కణ్ణుంచి బండి, రిసార్ట్, బొర్రా గుహల టికెట్, రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర గిరిజనుల ధింసా నృత్య ప్రదర్శన, మార్కప్, పన్ను. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి చాలాసేపు బోర్డు వంక చూసి, "మేడమ్, ఇందులో మా ఊరు ఏ లైన్‌లో ఉంది?" అన్నాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరం మళ్లీ షీట్ చూశాం. రైలు డబ్బు రైల్వేకి. బండి విశాఖ యజమానిది. రిసార్ట్ బయటివాళ్లది. నీళ్ల సీసాల దగ్గర్నుంచి పనీర్ దాకా పట్నం నుంచి లారీలో వస్తాయి. ఆన్‌లైన్ బుకింగ్ కమిషన్ ఎక్కడికి పోతుందో తెలిసిందే. ధింసా ఆడినవాళ్లకి ఇచ్చే మొత్తం "ఎంటర్‌టైన్‌మెంట్" అనే లైన్‌లో ఒక చిన్న అంకె. దారిలో తినే బొంగులో చికెన్, సంతలో కొనే పసుపు, కాఫీ పొడి మా షీట్‌లో లేనే లేవు. అవి "పర్సనల్ ఎక్స్‌పెన్సెస్". అంటే ఊరికి చేరే డబ్బులో ఎక్కువ భాగం మా లెక్కలోకే రావడం లేదు.

దీన్ని సిద్ధాంతంలో లీకేజీ అంటారు. పర్యాటకుడు పెట్టిన ఖర్చులో ఆ చోట నిలవకుండా బయటికి కారిపోయే భాగం. మేము దాన్ని చిన్న దీవుల దేశాల ఉదాహరణలతో చదువుతాం, నిర్వచనం రాస్తాం. అదే బొర్రా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తు రాదు. అనంతగిరి మండలంలోని ఆ బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీదే సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు నడిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని, అది ప్రభుత్వానిదే అయినా, గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 1970 నాటి 1/70 చట్టం అక్కడ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కాపాడుతోంది. మన్యంలో రిసార్ట్ ఎవరు పెట్టొచ్చు, ఎవరి పేరు మీద ఎవరు నడుపుతున్నారు, హోమ్‌స్టే గిరిజన కుటుంబం చేతిలోనే ఉండాలంటే అప్పు ఎలా పుట్టాలి అన్నవి అరకు టూరిజానికి ప్రాణం లాంటి విషయాలు. మా చట్టాల పేపర్‌లో పాస్‌పోర్టు ఉంది, వీసా ఉంది, వినియోగదారుల చట్టం ఉంది. 1/70 లేదు. అరకు ప్యాకేజీ అమ్మడం నేర్పుతున్న కోర్సులో అరకు భూమి చట్టం లేకపోవడం నాకు చాలా పెద్ద లోపంగా కనిపిస్తుంది.

ధింసా గురించి కూడా ఒక మాట. పండగకీ పెళ్లికీ ఊరంతా గొలుసుగా చేతులు పట్టుకుని ఆడే ఆట అది. పర్యాటకుల కోసం దాన్ని ఇరవై నిమిషాలకి కుదిస్తారు. ఇలాంటివాటినే సామాజిక శాస్త్రవేత్త డీన్ మకానెల్ 1973లో రంగస్థలం మీద పెట్టిన అసలుతనం అన్నాడు. ఇక్కడ నేను మరీ కఠినంగా మాట్లాడను. ఆడినందుకు డబ్బొస్తే అది వాళ్లకి ఆదాయం, గౌరవంగా ఇస్తే గౌరవం కూడా. ఎంతసేపు ఆడాలి, ఏ పాట ఆడకూడదు, రేటు ఎంత అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఇంకో సిద్ధాంతం క్యారీయింగ్ కెపాసిటీ. ఒక చోటు తనకి గాని, వచ్చినవాళ్లకి గాని చెడు జరక్కుండా ఎంతమందిని భరించగలదు అన్న లెక్క. దీన్ని పర్యావరణం యూనిట్‌లో పెట్టి, చెట్లు, జంతువుల ఉదాహరణలతో ముగిస్తారు. మన దగ్గర ఇది మనుషుల ప్రాణాల లెక్క. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. 2017 నవంబరు 12న, కార్తీక మాసంలో, విజయవాడ దగ్గరి పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో బోటు బోల్తా పడింది. అందులో ఒంగోలు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు.

ఈ నాలుగూ మా సబ్జెక్టు లోపలి విషయాలే. వరద నీరు ఏ మట్టం దాటితే బోటు కదలకూడదు, లైఫ్ జాకెట్ వేసుకున్నాకే లంగరు తీయాలని ఎవరు చూడాలి, ఘాట్ మెట్ల మీద గంటకి ఎంతమంది దిగి ఎక్కగలరు, గేటు ఒక్కసారిగా తెరిస్తే ఏమవుతుంది. టూర్ ఆపరేటర్‌గా బోటు టికెట్లు హోల్‌సేల్‌లో కొని ప్యాకేజీలో పెట్టేవాళ్లు నది పరిస్థితి చూడకుండా గ్రూపుని ఎక్కించకూడదని నేర్చుకోవాల్సింది ఇక్కడే. కచ్చులూరులో నదీగర్భంలో చిక్కుకున్న ఆ బోటుని నెల దాటాక బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఇనప తాళ్లు, లంగర్లు, నీళ్ల సంగతి తెలిసిన మనుషులు. ప్రమాదం జరిగాక ఆ నదీ జ్ఞానం అవసరమైంది. ప్రయాణానికి ముందే దాన్ని అడిగి ఉంటే ఎంత బాగుండేదని ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

దీన్ని బాగా చేసే చోట్లు కూడా మన దగ్గరే ఉన్నాయి, అందుకే బాధ ఇంకా ఎక్కువ. తిరుమలలో మామూలు రోజునే పదుల వేల మంది దర్శనం చేసుకుంటారు. ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఒకటి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు నింపుతూ వదలడం, టైమ్‌స్లాట్ టోకెన్లు, కొండ మీద ప్లాస్టిక్ సీసాల నిషేధం, రోజంతా ఆగని అన్నప్రసాదం. ఇంత జనాన్ని ఏడాది పొడవునా నడిపించే వ్యవస్థ ప్రపంచంలో బహు అరుదు. టూరిజం విద్యార్థికి ఇంతకన్నా గొప్ప ప్రయోగశాల ఉంటుందా? కానీ మా కేస్ స్టడీలు డిస్నీల్యాండ్ క్యూ గురించి ఉంటాయి. క్యూని ఎప్పుడు ముందుకి వదలాలి, ఎప్పుడు ఆపాలి అని నిర్ణయించే ఉద్యోగితో ఒక రోజు గడిపితే ఆ పిల్లలకి కలిగే చదువు ఏ పుస్తకమూ ఇవ్వదు. జనవరి 8 లాంటిది ఎందుకు జరిగిందో కూడా అక్కడే అర్థమవుతుంది, ఎందుకంటే ప్రమాదం జరిగింది కొండ మీది క్యూలో కాదు, కింద పట్నంలో టోకెన్లిచ్చే చోట.

మా సిలబస్ చరిత్ర భాగం థామస్ కుక్‌తో మొదలవుతుంది. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకి ఒక షిల్లింగు టికెట్‌తో సుమారు ఐదువందల మందిని రైల్లో తీసుకెళ్లాడు, అదే మొదటి ప్యాకేజీ టూర్ అని. అది చదవాల్సిందే. దానికి పదకొండేళ్ల ముందు, 1830 మే 18న, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి, పదిహేను నెలల తర్వాత తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ దారి బండికి పనికిరాదు అని రాసుకుంటూ వెళ్లాడు. అది 1838లో అచ్చయింది. కాస్టింగ్ నేర్పే నేను ఆ పేజీలు చదువుతుంటే ఒక గొప్ప టూర్ మేనేజర్ పని చూస్తున్నట్టే ఉంటుంది. తెలుగు నేలలో టూరిజం పీజీ చేసిన పిల్లలు ఆయన పేరు వినకుండా బయటికి వెళ్లడం నాకు ఒప్పుదల కాదు.

ఆ ప్రయాణాలన్నీ నిలబడ్డది సత్రాల మీద. సత్రం కట్టినవాళ్లు దానికి మాన్యం కూడా రాసిచ్చేవారు. పొలం మీద వచ్చే అయివేజుతో వచ్చిపోయేవాళ్లకి అన్నం పెట్టేవారు. ఆతిథ్యానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చుకి ఒక ఆదాయం కట్టిపెట్టాలి అన్న తెలివి అందులో ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు గోదావరి దాటి వచ్చిన ప్రతివాళ్లకి అన్నం పెట్టిన సంగతి కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ ఇంటి భూములే ఆ ఖర్చు మోశాయి. ఇప్పుడు లంబసింగికి వచ్చే కార్ల చెత్త ఎత్తే ఖర్చు ఎవరు మోస్తున్నారు? చిన్న పంచాయతీ. దానికి మాన్యమూ లేదు, ప్యాకేజీలో వాటా కూడా లేదు.

నాతో పనిచేసేవాళ్లు కొందరు దీన్ని ఒప్పుకోరు. "పిల్లలకి ఉద్యోగం కావాలి మేడమ్, కంపెనీలు టికెటింగ్, కమ్యూనికేషన్ అడుగుతాయి, పంచాయతీ లెక్కలు కాదు" అంటారు. వాళ్ల ఆందోళన నిజమైనదే. ప్లేస్‌మెంట్ అడిగే తండ్రికి జవాబు చెప్పాల్సింది వాళ్లే. అయితే టికెటింగ్ ఆదేశాలు నేర్చుకున్న నా తోటివాళ్ల పనిలో చాలా భాగం సాఫ్ట్‌వేర్ తినేసింది. మామూలు హోటల్ గది బుక్ చేయడానికి ఏజెంటు అక్కర్లేదని తల్లిదండ్రులే చెబుతున్నారు కదా. మనిషి అవసరం మిగిలేది ఎక్కడ? ఫలానా నెలలో ఆ కొండకి గ్రూపుని పంపొచ్చా వద్దా అని చెప్పగలిగే చోట. ఊరివాళ్లతో కూర్చుని హోమ్‌స్టే రేటు కుదర్చగలిగే చోట. కేరళలో కుమరకోం హోటళ్లు 2008 ప్రాంతం నుంచి కుటుంబశ్రీ అనే మహిళా సంఘాలు పండించిన కూరగాయలు కొనడం మొదలుపెట్టాయి. నాణ్యత, ధర, రోజువారీ సరఫరా కుదిర్చినవాళ్లు ఉండబట్టే అది నడిచింది. ఆ పని టూరిజం చదివినవాళ్లది కాకపోతే ఎవరిది? 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అదే ఏడాది రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. పోచంపల్లి మగ్గం దగ్గరికి వచ్చినవాళ్లు నేతగాడి పని ఆపించి ఫొటో తీసుకుని పోకుండా చీర కొనేలా చేయడం, రామప్ప ఉన్న పాలంపేటలో రాత్రి బస చేసేలా చేయడం రెండూ చదువుకున్న మనుషులు చేయాల్సిన పనులు.

నేను సిలబస్‌లో ఏదీ తీసేయమనడం లేదు. కాస్టింగ్ అసలే తీసేయొద్దు. ఆ షీట్‌కే రెండు గడులు కలపమంటున్నాను. ఈ ప్యాకేజీలో ఆ ఊళ్లో మిగిలేది ఎంత? ఆ రోజు ఆ చోటు ఇంకెంతమందిని మోయగలదు? ఈ రెండు అంకెలు లేకుండా ఇచ్చిన షీట్‌కి నా క్లాసులో ఇప్పుడు పూర్తి మార్కులు వేయడం లేదు. మొదట్లో పిల్లలు ఇబ్బంది పడ్డారు, ఆ అంకెలు ఇంటర్నెట్‌లో దొరకవు కాబట్టి. ఫోన్ చేసి అడగాలి, వెళ్లి చూడాలి, సర్పంచితో మాట్లాడాలి, బోటు సరంగుని బతిమాలాలి. వచ్చే అంకె కచ్చితంగా ఉండదు, ఫర్వాలేదు. అడగడం అలవాటైతే చాలు.

స్టడీ టూర్ కూడా మారాలి. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ వారం రోజుల్లో చుట్టి, తాజ్ మహల్ ముందు గ్రూపు ఫొటోతో రిపోర్టు అట్ట వేయించడం సరదాగా ఉంటుంది, పిల్లల వయసుకి అది కూడా కావాలి. దానితో పాటు ఒక సెమిస్టర్‌లో మూడు వారాలు ఒకే ఊళ్లో ఉండాలి. గండికోటలోనో, పోచంపల్లిలోనో, వంజంగి కిందనో. శని, ఆదివారాల జనం పోయాక సోమవారం ఆ ఊరు ఎలా ఉంటుందో చూడాలి.

అన్నిటికన్నా తొందర పని ఒకటుంది. 2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. రెండు రాష్ట్రాల్లో టూరిజం చదువుతున్న పిల్లల్ని భద్రాచలం, బాసర, కాళేశ్వరం, రాజమండ్రి, నరసాపురం ఘాట్‌లకి ఇంటర్న్‌లుగా పంపాలి. పసుపు టోపీ పెట్టి దారి చూపించే వాలంటీర్లుగా కాదు. ఏడాది ముందు నుంచే మెట్ల వెడల్పు కొలిచి, రైలు దిగినవాళ్లు ఘాట్‌కి ఏ దారిన వస్తారో నడిచి చూసి, గంటకి ఎంతమందిని వదలొచ్చో లెక్కకట్టి, ఆ లెక్కని అధికారుల ముందు పెట్టేవాళ్లుగా. ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు ఎలాగూ ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ హెడ్లు కలెక్టరేట్లకి ఉత్తరాలు రాయడమే మిగిలింది. మా డిపార్ట్‌మెంట్ తరఫున ఉత్తరం ముసాయిదా నేను రాసిపెట్టాను. మిగతా కాలేజీల్లో టూరిజం పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే అడగండి, పంపిస్తాను.